ఎండ రాని కిటికీ

ఆబిడ్స్‌లో సూట్‌కేసులమ్మే దుకాణంలో భూపాల్ సేల్స్‌మన్. గొంతు పెంచకుండా బేరం కుదర్చగలడని అతనికి పేరు. కాపురం నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో కిరాయి ఇల్లు.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు భార్య నవత కిటికీ దగ్గర నిలబడి తల ఆరబెట్టుకుంటుంటే, ఎదురు లాడ్జిలోంచి ఎవడో అదే పనిగా చూశాడు. వాణ్ని ఒక్క మాట అడగడానికి భూపాల్‌కు నోరు రాలేదు. మర్నాడు కార్ల అద్దాలకు వేసే నల్ల ఫిల్మ్ తెచ్చి కిటికీకి అంటించాడు. రెక్కలు తెరుచుకోకుండా మేకులు కూడా కొట్టాడు. ఎవరైనా అడిగితే ఎండ పడకుండా అనేవాడు. అనగా అనగా అది అతనికే నిజమైపోయింది. నవత మాత్రం ఎన్నడూ ఏమీ అనలేదు.

మొన్న వేసవి సెలవుల్లో కూతురు అక్షిత కంప్యూటర్‌లో ఇటుకల గేమ్ ఆడుతూ తాము ఉండే బిల్డింగే కట్టింది. ఎదురుగా లాడ్జి కూడా లేపింది. కిటికీ మీద నొక్కితే రంగులన్నీ వస్తాయి, నచ్చింది అద్దానికి వేసుకోవచ్చు. కింది వాళ్ల కిటికీలకు ఆకుపచ్చ, పై వాళ్లకు లేత నీలం వేసింది.

ఆదివారం నవత అన్న బాలమల్లు వచ్చాడు. మేనకోడలి పనితనానికి మురిసిపోతూ తెర మీద వేలు పెట్టాడు.

“అన్నీ రంగురంగులున్నయి. గిదొక్కటి నల్లగేంది బిడ్డా?”

“అది మా ఇల్లే మామా. గట్లనే ఉంటది కద.”

భూపాల్ నవ్వేశాడు. “ఎండ కొడుతదని ఏసిన బావా. గేమ్‌లనన్న మంచి రంగెయ్యి బిడ్డా.”

“ఎండ యాడొస్తది డాడీ? గేమ్‌ల సూర్యున్ని తిప్పి చూసిన. పొద్దంతా మన కిటికీ మీద లాడ్జి నీడనే పడుతుంది.”

బాలమల్లు తలెత్తి అసలు కిటికీ వైపు చూశాడు. మేకుల దగ్గర అతని చూపు ఆగింది.

అంతలో నవత చాయ్ తెచ్చింది. “నేనే ఏపిచ్చిన అన్నా. ఎదురుంగ లాడ్జి కద, జర మంచిగనిపియ్యలె,” అంది, కప్పు చేతికిస్తూ. తడబాటే లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికని ఎప్పటినుంచో సిద్ధం చేసి పెట్టుకున్న జవాబు అది. బాలమల్లు సరేనని తలూపి వేరే కబుర్లలో పడ్డాడు. అతను వెళ్లేదాకా భూపాల్ చాయ్ కప్పులోంచి తలెత్తలేదు.

తర్వాత పట్టకారు తెచ్చి మేకులు పీకాడు. బ్లేడుతో గీకితే ఫిల్మ్ పేలికలుగా ఊడింది, జిగురు మాత్రం అద్దానికే ఉండిపోయింది. నవత గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“గా లాడ్జిలోన్ని అడగలేక నిన్ను మూసిపెట్టిన,” అన్నాడు, ఆమె వైపు తిరగకుండానే.

“నాకెర్కనే. నువ్వు పోయి అడుగుతవేమోనని కొన్ని దినాలు చూసిన. తర్వాత చూసుడు బందు చేసిన.”

ఆమె తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

ఆమె వచ్చి బిగుసుకుపోయిన రెక్కను రెండు చేతులతో నెట్టింది. కిర్రుమని తెరుచుకుంది. చట్రం మీద మోచేతులు ఆనించి కింది సందులోకి చూస్తూ ఉండిపోయింది. పక్కన ఇంకొకరు నిలబడేంత చోటుంది. రమ్మని ఆమె అనలేదు. భూపాల్ బ్లేడు చేతిలో పట్టుకుని వెనకే నిలబడ్డాడు.