పెళ్లి పంక్తిలో రాసిన సమ్మె వార్త

ఆ రోజు నేను చేసింది తప్పే. మిర్యాలగూడ రైస్ మిల్లులో సమ్మె గెలిచిందని తెలిసి కూడా అక్కడికి పోలేదు. కోదాడలో చుట్టాల పెళ్లిలో ఉన్నాను. పంక్తిలో కూర్చొని, ఎడమ చేత్తో ఫోన్ పట్టుకొని హమాలీల నాయకుడు చెప్పింది విన్నాను. చేయి కడుక్కోగానే వార్త రాసి పంపాను. మిల్లులో ధాన్యం ఆరబోసి ఊడ్చే ఆడవాళ్లూ సమ్మెలో ఉన్నారని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మాది కార్మికుల పత్రిక. మా నాన్న రోజుల్లో సూర్యాపేట టీకొట్టు ముందు ఒకరు పైకి చదివితే, బీడీ కార్మికులు, హమాలీలు చుట్టూ చేరి వినేవారట. ఇప్పుడు అందరికీ ఫోన్లున్నాయి. అయినా జరిగింది జరిగినట్టు లెక్కకు రావాలంటే అది మా పత్రికలో పడాల్సిందే. దాన్ని అందరికంటే శ్రద్ధగా చదివేది మిల్లు యజమానులు. చందా మాత్రం కట్టరు.

మర్నాడు పత్రికల కట్టతో మిర్యాలగూడ వెళ్లాను. మెచ్చుకుంటారని ఆశ. గేటు దగ్గర, తండా నుంచి వచ్చే పెద్దామె నన్ను చూసి చీపురు ఆపింది.

"రా తమ్మీ. సమ్మెల మేం లేమంట గదా?"

"అదేంటక్కా?"

"మేనేజర్ సదివి వినిపిచ్చిండు. నీ పేపర్ల ఆడోళ్ల ముచ్చటే లేదంట. పగటి బువ్వకు అరగంట ఇస్తమన్నరు గదా, గది ఖతం. సమ్మె చెయ్యనోళ్లకు ఒప్పందమేందని అంటుండు."

పక్కనున్న పిల్ల అందుకుంది. "అన్న కండ్లకు మీసాలున్నోళ్లే ఆనుతరు."

"నిజం చెప్పు తమ్మీ, యాడ కూసోని రాసినవ్?" అంది పెద్దామె.

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "కోదాడల, పెళ్లి కాడ."

"ఏం కూర?"

"మటన్."

అందరూ ఒక్కసారే నవ్వారు. "మటన్ ముందల మేమేం యాదికొస్తం!" అంది పెద్దామె. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు కూసోని తిన్నవ్. మేం నిలవడి మింగుతున్నం. కాయితం మీద సంతకం లేదు, నోటి మాటే. పేపర్ల గూడ లేకుంటే మాకు సాక్ష్యమెవరు?"

ఆమెను వెంటబెట్టుకొని మేనేజర్ గదికి వెళ్లాను. ఆడవాళ్లూ సమ్మెలో ఉన్నారని, నేను ఇక్కడికి రాకుండానే రాశానని, ఆ తప్పు నాదేనని చెప్పాను.

"గట్లనే పేపర్ల రాస్తవా?" అన్నాడాయన, నవ్వుతూ.

రాస్తానన్నాను.

బయటికొచ్చి, వడ్లు ఆరబోసే గచ్చు మీదే కూర్చొని కొత్త వార్త మొదలుపెట్టాను. 'మహిళా శ్రామికులు వీరోచితంగా' అని చదవగానే ఆడవాళ్లు అడ్డుపడ్డారు. "గవన్నొద్దు. ఎండల ఎవలెవలు కూసున్నరో, ఏం అడిగినమో గది రాయ్." కొట్టేసి, వాళ్లు చెప్పినట్టే రాశాను. కింద నా తప్పు నా పేరుతో చేర్చాను. మొదటి వార్త పడిన చోటే, అంతే జాగాలో వేయమని సంపాదకుడిని అడిగాను. తిట్టాడు, వేశాడు.

ఆ పత్రిక అచ్చయిన పొద్దున మొదటి బస్సుకే పోయి మేనేజర్ బల్ల మీద ఒకటి పెట్టాను. ఆయన చదివి, మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఆడవాళ్లు చీపుర్లు పక్కన పెట్టి, నీడలో కూర్చొని సద్ది విప్పారు. పనికి లేపడానికి లోపలి నుంచి ఎవరైనా వస్తారేమోనని, వాళ్లు తిని లేచేదాకా నేను అక్కడే కాపలా ఉన్నాను.