పొగమంచులో వంతెన

పన్నెండేళ్లుగా కెనడాలో, హామిల్టన్‌లోని ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఎన్నో చావులు దగ్గరుండి చూశాను. పోయినవాళ్లెవరూ ఏ గదిలోనూ తిరిగి కనబడలేదు. దెయ్యాల కబుర్లు వింటే నాకు నవ్వొచ్చేది.

మా హోమ్‌లో ఉండే వాల్టర్ గారికి నూరేళ్లు దాటాయి. కుర్రతనంలో కెనడా సైన్యంలో లారీ డ్రైవరు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో పోరాడిన పెద్ద సైన్యంలో వాళ్ల దళం ఒకటి. అందులో ఇంగ్లండువాళ్లు, మన ఇండియావాళ్లు కూడా ఉండేవారట. స్ట్రోక్ వచ్చాక ఏడాదిగా ఆయన నోట మాట లేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. బయట మంచు పడుతోంది. గదంతా పాలు ఒలికినట్టు తెల్లటి వెలుతురు. నేను దుప్పటి సర్దుతుంటే ఆయన కళ్లు మూసుకునే అన్నారు.

"రా, రా. కుడికి పట్టు. పడదులే, రా."

తెలుగు. మా నెల్లూరులో ఎవరో లారీకి దారి చూపిస్తున్నట్టే ఉంది.

పక్కనే ఆయన కూతురు లిండా గారు కూర్చుని ఉన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి. నా మొహం చూసి, "నీకు అర్థమయిందా?" అన్నారు. అర్థం చెప్పాను. ఏడ్చేశారు.

తండ్రి నిద్రలో ఆ మాటలే అంటుంటే చిన్నప్పటి నుంచీ ఆవిడ వింటూ వచ్చారట. ఇటలీలో ఒక ఉదయం ఆయన గాయపడినవాళ్లని లారీలో వేసుకుని ఏరు దాటుతున్నారు. పొగమంచు. వంతెనకి పక్క కమ్మీలు లేవు. ఎవరో ఒకతను లారీ ముందు వెనక్కి నడుస్తూ, చేత్తో రమ్మంటూ, ఈ మాటలే అన్నాడట. పక్క సీట్లో ఉన్నతనికి మాత్రం ఎవరూ కనబడలేదు. అది ఏ భాషో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు.

"ఒక్కసారి నువ్వు చెప్పవా ఆయనకి?" అన్నారు లిండా గారు.

చెవి దగ్గర వంగి నెమ్మదిగా చెప్పాను. దుప్పటి కింద ఆయన కుడిపాదం మెల్లగా ముందుకి నొక్కుకుంది, పెడల్ మీద ఉన్నట్టు. సాయంత్రానికి పోయారు.

తర్వాత లైబ్రరీ నుంచి ఆ సైన్యం చరిత్ర తెచ్చి, లిండా గారు చెప్పిన ఏరు పేరు పట్టుకుని వెతికాను. ఆ వంతెన కట్టింది మద్రాసు నుంచి వెళ్లిన మనవాళ్లే. వాళ్లలో తెలుగువాళ్లు ఉండే ఉంటారు. అంతవరకూ సరే. కానీ కట్టిన వారానికే వాళ్లని వేరే వైపు పంపేశారు. కెనడా లారీలు ఆ ఏటి దగ్గరికి వచ్చింది ఇంకో నెలకి. తేదీలు మూడుసార్లు సరిచూసుకున్నాను.

వంతెన కడుతూ కొందరు అక్కడే చనిపోయారని ఒక్క లైను ఉంది. పేర్లు లేవు.

ఆయన ఆ తెలుగు ఎవరి నోట విన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. పేర్లుంటే కనీసం వాళ్ల ఊళ్లయినా వెతికేదాన్ని.