మాస్టారి కారు గేరు రాడ్డు

నాలుగు రోడ్ల కూడలిలో పచ్చదీపం వెలిగింది. స్టీరింగు ముందు కూర్చుని డ్రైవింగు నేర్చుకుంటున్న దర్జీ ఆవిడ మొదటి గేరు వేయబోయింది. గేరు రాడ్డు కూకటివేళ్ళతో పెకలించినట్టు, కింది తోలు తొడుగుతో సహా ఊడి చేతికొచ్చింది. ఆవిడ దాన్ని కింద పెట్టలేదు. గాల్లో పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది.

"టీచరమ్మా, ఇది నా చేతికొచ్చేసింది. నేనేం చెయ్యలేదు, ఒట్టు."

వెనక బళ్ళవాళ్ళు హారన్లతో చెవులకు చిల్లులు పొడుస్తున్నారు. పక్క సీట్లో ఉన్న టీచరమ్మ తనవైపు బ్రేకు తొక్కిపట్టి, ఇంజను ఆపేసింది.

"తెలుసమ్మా. అది పక్కన పెట్టు. ఇప్పుడు దిగి తోద్దాం."

ఇద్దరూ దిగి కారును రోడ్డు పక్కకు తోశారు. దర్జీ ఆవిడ రాడ్డును చంకలో ఇరికించుకునే తోసింది.

టీచరమ్మకు యాభై రెండేళ్ళు. ఆ డ్రైవింగు స్కూలు నిజానికి ఆమె భర్తది. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టడం నేర్పినవాడు కాబట్టి అందరికీ ఆయన మాస్టారే. నేర్పడంలో మంచివాడు, నోటికి మాత్రం అదుపు లేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన దగ్గర నేర్చుకుంటూ ఆమె మూడుసార్లు కారు మధ్యలో ఆపి, తలుపు ధడాలున వేసి, నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. అయినా నేర్చుకుంది.

మూడేళ్ళ క్రితం ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే మాస్టారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కర్ర సాయంతో కాలు కొంత దారికొచ్చింది, చెయ్యి రాలేదు. మాట పోలేదు గానీ దారి తప్పింది. ఆయన మనసులో ఒకటుంటే నోట్లోంచి ఇంకొకటి వచ్చేది. మంచినీళ్ళు కావాలంటే చెప్పులనేవాడు. ఔను, కాదు కూడా తారుమారే. తప్పు పలికినప్పుడల్లా సరిదిద్దమని ఆస్పత్రిలో మాటలు నేర్పే ఆవిడ చెప్పింది. భార్య తు.చ. తప్పకుండా సరిదిద్దింది. ఏడాది తిరిగేసరికి ఆయన మాట్లాడటమే తగ్గించేశాడు. స్కూలును భార్య నెత్తినేసుకుంది. కారు సంగతులేవీ ఆయన చెవిన వేసేది కాదు. వింటే బాధపడతాడని అనుకుంది.

వీధి చివరి మెకానిక్కు కారు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ పెదవి విరిచాడు.

"అక్కా, ఈ మోడలు ఆగిపోయి పదేళ్ళు దాటింది. రాడ్డు కూర్చునే ప్లాస్టిక్ గిన్నె పగిలి పొడి పొడి అయింది. కొత్తది ఎక్కడా దొరకదు. బండిని వదిలించుకో."

"వచ్చే గురువారం ముగ్గురికి లైసెన్సు పరీక్షుందయ్యా."

"వేరే బండిలో ఇప్పించు."

వేరే బండిలో ఇప్పించడం అంత సులువు కాదు. ముగ్గురికీ చేయి తిరిగింది ఈ కారు మీదే. పైగా రెండువైపులా పెడళ్ళున్న కారు ఆమె దగ్గర ఇదొక్కటే. పక్క సీటు ముందున్న క్లచ్చు, బ్రేకు మాస్టారు తన చేత్తో బిగించినవి.

ఇంట్లో "కారు సర్వీసుకిచ్చానండీ" అని చెప్పి, మర్నాడు పొద్దున్నే ఆమె ఒక్కతే ఊరి చివర పాత కార్ల యార్డుకు వెళ్ళింది. చుట్టూ రేకుల ప్రహరీ. లోపల ఒకదాని మీద ఒకటి మూడేసి కార్లు, కొన్నిటికి తలుపుల్లేవు, కొన్నిటికి ముఖమే లేదు. నేలంతా అద్దం పెంకులు, ఆయిలు మరకలు. యార్డాయన దళసరి కళ్ళద్దాల్లోంచి ఆమెనూ, ఆమె చేతి సంచినీ చూశాడు.

"ఇక్కడ విప్పుకోవడం మీ పనేనమ్మా. మీ కళ్ళతో వెతుక్కోండి, మీ చేతులతో విప్పుకోండి. నేను కూర్చుని చూస్తాను."

పూటంతా వెతికితే తమ కారు లాంటిదే ఒకటి కనబడింది. రెండు గోళ్ళు విరగ్గొట్టుకుని రాడ్డు విప్పి, గెలిచినట్టే ఇంటికొచ్చింది. భోజనాల బల్ల మీద పాతదీ, తెచ్చినదీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే కర్ర చప్పుడు వినిపించింది. దాచడానికి వీల్లేకపోయింది. మాస్టారు ఎడమచేత్తో కొత్తదాన్ని ఎత్తి తిరగేసి చూశాడు. చూసి పకాలున నవ్వాడు. ఆయన అలా నవ్వగా ఆమె విని చాలాకాలమైంది.

"గొడుగు," అన్నాడు.

"గొడుగు కాదండీ, గేరు..." అని ఆమె దిద్దబోయింది. ఆయన విసుగ్గా తల ఊపి, రాడ్డు అడుగున వేలు పెట్టి చూపించాడు. పాతదానికి నాలుగు బోల్టుల రంధ్రాలు. తెచ్చినదానికి మూడే. పూటంతా పడ్డ పాటు గంగలో కలిసింది.

ఆమె కుర్చీలో కూలబడింది. తరువాత కూడలిలో జరిగిన దగ్గర్నుంచి మెకానిక్కు మాట దాకా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. చివర్న కర్ర తీసుకుని లేచి, వాకిట్లోకి వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఇప్పుడేనా? రేపు వెళ్దామండీ."

"దిండు!" అన్నాడు కోపంగా. ఏమన్నాడో తెలియకపోయినా ఇప్పుడేనన్నది ముఖంలోనే ఉంది. ఆమె టాక్సీ పిలిచింది.

యార్డాయన మాస్టారిని చూడగానే లేచి నిలబడ్డాడు. "అయ్యో, మాస్టారు! నా కొడుక్కి నేర్పింది మీరే కదండీ. వాణ్ణి ఏడిపించారు, కానీ నేర్పారు," అంటూ ఏదో బస్సులోంచి ఊడబీకిన సీటు తెచ్చి వేశాడు. మాస్టారు అందులో పావుగంట కూర్చుని, లేచి వరసల మధ్య మెల్లగా నడిచాడు. భార్య కార్ల వైపు చూస్తుంటే ఆయన కర్రతో ఒక సరుకుల వ్యాను వైపు చూపించాడు. పొట్టి మూతి, ఎత్తు చక్రాలు, వెనక డబ్బా లాంటి పెట్టె.

"అది వ్యానండీ. మనది కారు."

"చేప," అన్నాడు, కర్రతో వ్యాను తలుపు మీద టకటకా కొడుతూ.

యార్డాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మాస్టారు చెప్పింది నిజమేనమ్మా. కంపెనీ ఒకటే. పైన రేకులు మార్చారు గానీ లోపల సామానంతా అదే. నాకే తట్టలేదు."

ఆమె వ్యాను లోపల మోకాళ్ళ మీద కూర్చుంది. తోలు తొడుగు లాగితే నాలుగు బోల్టులు కనబడ్డాయి. తలుపు దగ్గర నిలబడి ఆయన చెబుతున్నాడు. "దువ్వెన, దువ్వెన." ఆమె స్పానరు చూపించింది. తల అడ్డంగా ఊపాడు. స్క్రూడ్రైవరు చూపించింది. అదీ కాదు. పట్టకారు చూపిస్తే కళ్ళు మూసి తెరిచాడు. కేబుళ్ళ చివర క్లిప్పులు దానితోనే వచ్చాయి. అప్పటినుంచి ఆమె దిద్దడం మానేసింది. దువ్వెనంటే పట్టకారు, బటాణీ అంటే బోల్టు. పన్నెండు నిమిషాల్లో రాడ్డు, దాని కింది ప్లాస్టిక్ గిన్నె, క్లిప్పులు అన్నీ చేతిలో ఉన్నాయి.

కారును మెకానిక్కు దగ్గర్నుంచి తోయించుకొచ్చి ఇంటి ముందే బిగించారు. సాయంత్రానికి రాడ్డు నిలబడింది గానీ గేర్లు కుదరలేదు. మొదటి గేరు వేస్తే మూడోది పడి కారు ఎగిరిపడి ఆగిపోయేది. రివర్సు అసలు దొరకలేదు. మెకానిక్కు అటుగా పోతూ ఓ లుక్కేసి, "కేబులు పొడవు సరిపోవాలక్కా. లోపల ఒకళ్ళు రాడ్డు పట్టుకోవాలి, కింద ఒకళ్ళు నట్టు తిప్పాలి. రేపు చూద్దాం," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా చూసినా అతను రాలేదు. ఆమె గోనెపట్టా పరుచుకుని కారు ముందునుంచి కిందికి దూరింది. మాస్టారు కర్ర పక్కన పెట్టి, కుడికాలిని ఎడమచేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు. మూడేళ్ళలో అక్కడ కూర్చోవడం అదే మొదలు. గేరు రాడ్డు ఉన్నది ఎడమచేతివైపే.

"పడిందా?" అని కిందనుంచి అరిచింది.

"ఔను."

బిగించింది. పడలేదు. ఆయన కాదనబోయి ఔనన్నాడు. మళ్ళీ విప్పింది. రెండోసారీ ఇదే జరిగాక కిందనుంచే కేకేసింది.

"నోరు ముయ్యండి! పడితే డాష్‌బోర్డు మీద ఒకసారి కొట్టండి, పడకపోతే రెండుసార్లు."

ఆయన రెండుసార్లు కొట్టాడు. ఆమె నట్టు అర చుట్టు తిప్పింది. మళ్ళీ రెండు. ఇంకో పావు చుట్టు. మళ్ళీ రెండు. వెనక్కి కొంచెం. ఒకటి. మొదటి గేరు, రెండోది, మూడోది, నాలుగోది, ఒక్కోసారీ ఒక్కటే చప్పుడు. రివర్సు దగ్గర చాలాసేపు పట్టింది. చివరికి అదీ పడింది. ఆమె బయటికి పాకి వచ్చేసరికి ఆయన రాడ్డును ఒకటినుంచి రెండుకు, రెండునుంచి మూడుకు ఊరికే మారుస్తున్నాడు. ఆమె పిలవలేదు. చేతులు కడుక్కుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

తనవైపు క్లచ్చు తొక్కి, ఇంజను స్టార్టు చేసింది. "మొదటిది వెయ్యండి."

వేశాడు. క్లచ్చు, బ్రేకు ఆమెవి; గేరు, ఎడమకాలితో తొక్కే యాక్సిలరేటరు ఆయనవి. ఆయన ఎడమచేయి రాడ్డు మీద ఉన్నప్పుడు స్టీరింగును పక్కనుంచి ఆమె పట్టుకుంది. వీధి మొదలు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చారు. మూడోది వేయబోయే ముందు ఆయన ఏదో అన్నాడు. "కాకరకాయ" అనే వినబడింది. క్లచ్చు సరిగ్గా తొక్కమన్నాడని ఆమెకు అర్థమైంది. ఒళ్ళు మండింది కూడా. తలుపు తీసి దిగిపోవాలనిపించింది గానీ ఆయన్ని వదిలి వెళ్ళే వీల్లేదు.

గురువారం ముగ్గురూ పరీక్షకు వెళ్ళారు. దర్జీ ఆవిడ రాడ్డును కాలుతున్న గిన్నెలా వేలికొసలతో పట్టుకునే నడిపింది, నెగ్గింది. ఇంకొకావిడా నెగ్గింది. మూడో మనిషి, అందరికన్నా ధీమాగా ఉన్న మందుల షాపాయన, సీటు బెల్టు పెట్టుకోవడం మరిచిపోయి తప్పాడు. తప్పు గేరుదేనని వారం రోజులు చెప్పుకు తిరిగాడు.

మాస్టారు ఇప్పుడు పొద్దుటి పాఠాలకు వెనక సీట్లో కూర్చుని వెళుతున్నాడు. దారి పొడుగునా మాట్లాడతాడు, సగానికి సగం తప్పు మాటలే. టీచరమ్మ వాటిని దిద్దదు. అవసరమైనవి మాత్రం ముందు సీట్లోవాళ్ళకు మార్చి చెబుతుంది, తిట్లు వదిలేస్తుంది. ఇద్దరు ఇది మా వల్ల కాదని మానేశారు. కొత్తగా నలుగురు చేరారు.