సరిహద్దు దాటని మందులు

నిన్న సాయంత్రం టీవీలో అమెరికాలోని ఒక రాష్ట్రపు గవర్నరు మళ్ళీ కనిపించాడు. వెనకాల జెండా, పక్కన తలలూపే నలుగురు మనుషులు, ముందు వరసలో చేతికర్రలతో సహా తెచ్చి కూర్చోబెట్టిన ముసలివాళ్ళు. తమ దగ్గర మందుల ధరలు మండిపోతున్నాయి కాబట్టి కెనడా నుంచి చౌకగా దిగుమతి చేసుకుని తన ప్రజలను కాపాడబోతున్నానని ఆయన చెబుతుంటే ఒకటే చప్పట్లు. నేను పప్పుగిన్నె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయి ఆయన్ని తెలుగులో తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. మావారు చెవి మిషను తీసి పక్కన పెట్టేసి పేపరు చదువుకోవడం మొదలుపెట్టారు. డెబ్భై దాటిన భార్య టీవీని తిట్టడం ఆయనకు కొత్తేమీ కాదు గానీ, ఈ ఒక్క వార్తకే నాకు ఒళ్ళెందుకు మండుతుందో మాత్రం ఇన్నేళ్ళుగా ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన సొంత అన్నగారి గురించి చెప్పాలి, నా గురించీ చెప్పాలి. నా ఈడువాళ్ళు మీరైతే అర్థం చేసుకుంటారేమోనని ఇవాళ రాస్తున్నాను.

నేను ఫార్మసిస్టుని. గుంటూరులో చదువుకుని, పెళ్ళయి ఈ కెనడా దేశం వచ్చాక, చదివిన చదువు ఇక్కడ చెల్లదంటే పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచీ రాసినదాన్ని. లైసెన్సు వచ్చాక కూడా నా పేరు పలకడం చేతకాని షాపులవాళ్ళు ఉద్యోగం ఇవ్వకపోతే, స్కార్‌బరోలో సొంతంగా మందుల షాపు పెట్టుకున్న మా బావగారు, అంటే మావారి అన్నగారు, పిలిచి తెల్లకోటు చేతికిచ్చారు. ఆ విశ్వాసం నాకు ఎప్పుడూ ఉంది. ఆయన ఎదుట నిలబడి మాటకు మాట చెప్పడం ఎరుగను. చెప్పవలసింది ఏదన్నా ఉంటే మావారి చేతో, మా తోడికోడలి చేతో చెప్పించేదాన్ని. మన ఇళ్ళలో కోడళ్ళకు అదే మర్యాద అని నేర్పారు కదా, దాన్ని విమానమెక్కించి మరీ తెచ్చుకున్నాను. పాతికేళ్ళకు పైగా ఒకే కౌంటరు వెనక పనిచేసినా మా ఇద్దరి మధ్యా ఒక్క వాదన కూడా జరగలేదంటే చుట్టాలంతా మెచ్చుకునేవారు.

నేను రిటైరు కావలసిన వయసులో మన విద్యార్థులు గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. షాపు పైనున్న అపార్టుమెంటు టవర్లలో ఒక్కో ఫ్లాటులో ఆరుగురు, ఎనిమిదిమంది ఉండేవారు. లిఫ్టులో తెలుగు, బస్‌స్టాపు వరసలో తెలుగు, చివరికి మంచు ఎత్తిపోసే కుర్రవాడి ఫోనులో కూడా తెలుగు పాటే. ముప్ఫై ఏళ్ళు తెలుగు మాట కోసం మొహం వాచిన నేను సంతోషించాలి గదా, సంతోషించలేదు. నిజం చెప్పుకోవాలంటే విసుక్కున్నాను. మన ఊళ్ళలో మెడికల్ షాపుకి వెళ్ళి రెండు జ్వరం బిళ్ళలు అనగానే వాడు కత్తెరతో కత్తిరించి ఇస్తాడు చూడండి, ఈ పిల్లలు అదే అలవాటుతో వచ్చి, చీటీ లేకుండా, ఆంటీ, రెండు గోలీలు ఇయ్యుండ్రి అని చెయ్యి చాపేవారు. డాక్టరు రాసి ఇవ్వాలి నాయనా అని రోజుకు పదిసార్లు చెప్పి చెప్పి, ఆంటీ అన్న పిలుపు వింటేనే మొహం చిట్లించుకునే స్థితికి వచ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ అమెరికా రాష్ట్రపు పథకం కూడా మా షాపులోకి అడుగుపెట్టింది. దాని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అక్కడ మందుల కంపెనీలు నోటికి ఎంత వస్తే అంత ధర చెబుతాయి. ఇక్కడ ప్రభుత్వం కూర్చుని బేరమాడి తగ్గిస్తుంది. ఆ కంపెనీలను తమ గడ్డ మీదే చొక్కా పట్టుకుని అడిగే దమ్ము లేక, మా అలమరల్లో మందులను హోల్‌సేలుగా కొనుక్కుపోయి తమవాళ్ళకు పంచుతామని ఆ రాష్ట్రం చట్టం చేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. పోనీ మాకేమన్నా మందులు గుట్టలు పోసి ఉన్నాయా అంటే, వారానికొక మందు దొరక్క మేమే దేవుళ్ళకు మొక్కుకుంటున్నాం. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఆ పథకం ఇంకా కాగితాల మీద ఉండగానే దళారులు బయల్దేరారు. మా బావగారి దగ్గరికి వచ్చినవాడు మంచి కోటు, మంచి నవ్వు ఉన్న మనిషి. పథకం అమలయ్యాక సరుకు పంపగల షాపులను ఇప్పటినుంచే చూసుకుంటున్నామని, ఎవరి దగ్గర నిలవ ఉంటే వాళ్ళకే అవకాశమని ఊరించాడు. పైగా ఈ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది: ఏ మందుకైనా కొరత వచ్చినప్పుడు, ఇంతకుముందు ఎవరు ఎక్కువ కొనేవారో చూసి, హోల్‌సేలువాళ్ళు ఆ షాపులకే ఎక్కువ సరుకు పంపుతారు. అందుకని ఇప్పటినుంచే ఎక్కువగా కొంటూ ఉండమన్నాడు. బావగారు హోల్‌సేల్ లైసెన్సుకి అప్లై చేశారు. కొన్న డబ్బాలను ముందు అలమరల్లో పెట్టకుండా, కంప్యూటరులో చూపించకుండా, వెనకగదిలో పేర్చమన్నారు. నేను పేర్చాను. ఎవరో చేశారని చెప్పుకోవడానికి లేదు, నా ఈ చేతులతోనే పేర్చాను.

ఆ డబ్బాల్లో ఫిట్స్ రాకుండా వేసుకునే మందు ఒకటి ఉంది. ఆ చలికాలంలో దానికి కొరత వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి చీటీ పట్టుకుని వచ్చింది. జగిత్యాల వైపు పిల్ల. టవర్లలోనే ఉంటూ, ముసలివాళ్ళకూ రోగులకూ సేవచేసే కోర్సు చదువుతోంది. ఇంటి నుంచి తెచ్చుకున్న మందు అయిపోవచ్చిందట. అంతకుముందే బస్సులు మారి నాలుగు షాపులు తిరిగి వచ్చింది, ఎక్కడా లేదన్నారు. ఈ మందు ఒక్క పూట తప్పకుండా వేసుకుంటే ఫిట్స్ రావని, ఎనిమిదేళ్ళుగా రాలేదని, ఇప్పుడు వృద్ధాశ్రమంలో ప్లేస్‌మెంట్ పేరుతో పని నేర్చుకునే శిక్షణ నడుస్తోందని, అది పూర్తయితేనే కోర్సు పూర్తవుతుందని, గుక్క తిప్పుకోకుండా అన్నీ చెప్పింది. అందరిలా చీటీ లేకుండా రాలేదు, బిళ్ళలు ఊరికే అడగలేదు. అన్నీ పద్ధతి ప్రకారం చేసుకుని వచ్చిన పిల్ల.

“ఇంక మూడు దినాలకే ఉన్నయి ఆంటీ. ఒక్క పది గోలీలన్నా ఉంటే ఇయ్యుండ్రి, ఎట్లనో ఎల్లదీసుకుంట.”

నేను లోపలికి వెళ్ళాను. వెనకగదిలో బావగారు ఫోనులో ఉన్నారు. చీటీ చూపించాను. ఆయన ఫోను మీద చెయ్యి అడ్డంపెట్టి, “అవి కదపకమ్మా, ఒకటి విప్పితే వాళ్ళకు చెప్పిన లెక్క మారిపోతుంది. లేదని చెప్పెయ్, ఇంకెక్కడన్నా దొరుకుతుందిలే,” అన్నారు. ఇంకెక్కడా దొరకలేదట అన్న మాట నా గొంతుదాకా వచ్చింది. ఆయన ఎదుట నిలబడి ఆ మాట అనలేక, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేశాను.

వచ్చి, లేదమ్మా అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ పిల్ల కదలకుండా నిలబడేసరికి, మనవాళ్ళందరి నోటా ఊతపదంలా ఉండే ఆ సలహా ఒకటి నేనూ పడేశాను: ఎవరన్నా వస్తుంటే ఇండియా నుంచి తెప్పించుకో. మనకు ఇది ఎంత మామూలో మీకు తెలుసు. ఊరెళ్ళే ప్రతివాడి పెట్టెలోనూ సగం పచ్చళ్ళు, సగం పక్కవాళ్ళ మందులే కదా. కానీ తలనొప్పి బిళ్ళ సంగతి వేరు, ఇది వేరు. అది నాకు తెలియనిది కాదు, నా చదువే అది. ఆ పిల్ల మాత్రం మంచి దారి చూపించినట్టు మొహం తేటపడి, థాంక్స్ ఆంటీ అని చీటీ మడిచి పెట్టుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళమ్మ మందు కొని, వాట్సాప్ గ్రూపులో ఎవరో ప్రయాణం కడుతున్నారంటే వాళ్ళ చేతికిచ్చి పంపిందట. ఆ ప్రయాణికుడి టికెట్టు వారం వెనక్కి జరిగింది. మందు మార్చి రాయించుకుందామంటే డాక్టరు అపాయింటుమెంటు రెండు వారాల తరవాత దొరికింది. మిగిలిన బిళ్ళలను ఆ పిల్ల సగానికి విరిచి వేసుకుంటూ ప్లేస్‌మెంటుకి వెళ్ళింది. ఒక ఉదయం, ఎవరో పెద్దావిడను మంచం మీదనుంచి లేపి కుర్చీలో కూర్చోబెడుతుండగా ఫిట్స్ వచ్చింది. పెద్దావిడ మంచం మీదికే ఒరిగింది కాబట్టి ఆమెకేమీ కాలేదు. ఈ పిల్ల మంచం ఇనపకమ్మీకి కొట్టుకుని కింద పడింది. భుజం ఎముక విరిగింది, ముందుపళ్ళు రెండు ఊడాయి.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం ఫోనులో. హాస్పిటల్ నుంచి ఒక డాక్టరు, ఆమె సంచిలో దొరికిన చీటీ వెనక రాసుకున్న షాపుల పేర్లలో చివరిది మాదేనని, ఈ మందు మీరు ఎప్పుడు ఇచ్చారని అడిగాడు. అలా ఎవరన్నా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వృత్తిధర్మం. నేను కౌంటరు దగ్గర నిలబడి, ఆ డబ్బాలున్న గదికి నాలుగు అడుగుల దూరంలో, మా దగ్గర స్టాకు లేదండీ అని రెండోసారి చెప్పాను. ఆయన పాపం, అవును, ఎక్కడా దొరకడం లేదు, ఏం చేస్తాం అని సానుభూతి చూపించి పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఒక డబ్బా తీసుకువచ్చి ముందు అలమరలో పెట్టాను. ఫోను సంగతి వెనకగదిలోంచి విన్న బావగారు చూశారు. హాస్పిటల్లో వాళ్ళు ఇస్తారు కదమ్మా ఇంకెందుకు అన్నారు, చాలా నెమ్మదిగా, ఎప్పటిలాగే ఎంతో మర్యాదగా. నేను డబ్బా తియ్యలేదు. నా జీవితంలో ఆయనకు ఎదురుతిరగడమంటే అదే, అంతే. దానికి కూడా వారం రోజులు ఆలస్యం.

కాలేజీవాళ్ళు, ఆరోగ్యం కుదుటపడిందని డాక్టరు రాసిస్తే తప్ప ప్లేస్‌మెంటుకి రావద్దన్నారు, సెమిస్టరు పోయింది, వాళ్ళ నాన్న ఇక చాలు వచ్చెయ్యమన్నాడు. వెళ్ళేముందు ఆ పిల్ల షాపుకి వచ్చింది. చెయ్యి మెడకు కట్టుకుని, నోరు సరిగా తెరవకుండా మాట్లాడుతూ, సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి కౌంటరు మీద పెట్టింది. అందులో ఇండియా నుంచి వచ్చిన మందు పట్టీలు, విప్పనివి.

“మీరు చెప్పిన్రు కదా ఆంటీ, తెప్పించుకున్న. గవి ఆలస్యమైనయి అంతే. ఇంటికాడ నాకు దొరుకుతయి. ఇక్కడ స్టాకు లేదని ఇంకెవరన్నా తిరిగిపోతరేమో, వాళ్ళకియ్యుండ్రి. మీరొక్కరే నాకు మంచి మాట చెప్పిన్రు.”

అప్పుడు చెప్పి ఉండవలసింది. బావగారు ఆ పూట షాపులో లేరు, కౌంటరు దగ్గర వరసలో ఎవరూ లేరు, నాకు ఏ అడ్డూ లేదు. నేను ఆ కవరు తీసుకుని, జాగ్రత్తగా వెళ్ళమ్మా అన్నాను. బయటినుంచి వచ్చిన మందు ఇంకొకరికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఆ పిల్ల బస్సెక్కే దాకా ఆగి, పారేసే మందుల డబ్బాలో వాటిని పడేశాను. ఆ తరవాత వెనకగదిలోకి వెళ్ళి ఏడ్చాను. దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది?

ఇక ఆ పథకం సంగతి. అది వాళ్ళ కోర్టుల్లో కొంతకాలం, ఆఫీసుల్లో కొంతకాలం నానింది. ఈలోగా మా ప్రభుత్వం, ఇక్కడ కొరత తెచ్చే విధంగా మందులు బయటికి పంపడానికి వీల్లేదని అడ్డు చెప్పింది. కోటు మనిషి ఫోన్లు ఎత్తడం మానేశాడు. బావగారికి లైసెన్సు రాలేదు. వెనకగదిలో డబ్బాలు గడువు దాటిపోతే, వాటినీ నేనే లెక్కరాసి పారేయించాను. మా గదిలోంచి ఒక్క మాత్ర కూడా ఆ రాష్ట్రానికి వెళ్ళలేదు. ఆ ముసలివాళ్ళకు అందలేదు, ఈ పిల్లకూ అందలేదు. వాళ్ళమీద నాకు కోపం లేదు సుమండీ. ఆ చేతికర్రల వరసలోంచి ఎవరన్నా ఒకావిడ నా కౌంటరుకి వచ్చి అడిగితే నా వాటాలోంచైనా ఇచ్చేదాన్నే. అలా ఎవరూ రాలేదు, దళారి వచ్చాడు. గవర్నరు చప్పట్లు కొట్టించుకున్నప్పుడల్లా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే ఎక్కువ కేకలు వేస్తాను.

ఇప్పుడు షాపు వేరేవాళ్ళది. బావగారికి మమ్మల్ని గుర్తుపట్టే శక్తి పోయింది, ఇక ఆయనతో వాదించి లాభం లేదు. ప్రభుత్వం విద్యార్థులకిచ్చే పర్మిట్లు తగ్గించేశాక టవర్లలో మన పిల్లలూ పలచబడిపోయారు. లిఫ్టులో మునుపటిలా ఎవరూ ఆంటీ అని పలకరించడం లేదు. ఉన్న కొద్దిమందీ మా కాలంలోలా కాదు. మందు లేదంటే, ఫోను తీసి ఇంకో మూడుచోట్ల వెతికి, కంప్యూటరు ఇటు తిప్పి చూపించండి అని అడుగుతారట. తెల్లకోటుకి ఇప్పుడు విలువ లేదు, లేదని చెబితే నమ్మి వెళ్ళిపోయే రోజులు పోయాయని, నాతోపాటు రిటైరైన స్నేహితురాళ్ళు కలిసినప్పుడల్లా నిట్టూరుస్తారు. ఆ మాటకు నేను మాత్రం వంతపాడను. నేను లేదంటే నమ్మి వెళ్ళిపోయిన పిల్ల నాకొకతె తెలుసు.