సీఏ గారికి అంతుపట్టని మా వరసలు

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఏవో నొక్కి, "బాపూ, నీ రిటర్న్ అయిపోయింది" అని చాయ్ పెట్టడానికి లేచి వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాటైనా అడగకుండా నా పన్ను సంగతి ఎలా తేలిందో బోధపడక, సూరత్ డిండోలిలోని మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో అది అంత తేలికైన పని కాదు.

అప్పట్లో నేను అక్కడికి దగ్గర్లోని పల్సానాలో ఒక బట్టల మిల్లులో రంగుల మాస్టర్‌ని. సూరత్‌లో మగ్గాలు నడిపే మా ఊరివాళ్లలో బ్యాంకు ఖాతా ఉన్నది నాకొక్కడికే కాబట్టి, నెల పగారు చేతికి రాగానే అందరూ ఇంటికి పంపాల్సింది నాకు తెచ్చి ఇచ్చేవారు. నేను ఇక్కడ నా ఖాతాలో వేస్తే, నా ఏటీఎం కార్డు దగ్గర పెట్టుకున్న మా అన్న ఊళ్లో తీసి ఇంటింటికీ పంచేవాడు. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకనాడు పన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, నీ జీతానికి ఎన్నో రెట్లు ఖాతాలో పడింది, అదంతా ఎక్కడిదని. అదంతా నా ఆదాయమే అంటే, ఇల్లు కొనడానికి దాచుకున్నది కాస్తా పోతుందని నా భార్య అన్నం మానేసి కూర్చుంది.

మిల్లు సేఠ్ ఒక గుజరాతీ సీఏ దగ్గరికి పంపించాడు. మెత్తని మనిషే గానీ, ఆయన అడిగేది నాకూ, నేను చెప్పేది ఆయనకూ ఒక్క ముక్క ఎక్కేది కాదు. డబ్బు ఇచ్చినవాళ్లు నీకేమవుతారని హిందీలో అడిగితే, ఒకడు తమ్ముడు, ఒకాయన బావ, ఇంకొకాయన చిన్నాయన అని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. దగ్గరి బంధువులిచ్చిన కానుకకు పన్ను లేదట. తీరా అందరి గుర్తింపు కార్డులూ పట్టుకెళ్తే, ఏ ఇద్దరి ఇంటిపేరూ కలవలేదు, తమ్ముడన్నవాడి తండ్రి పేరు వేరు, నా తండ్రి పేరు వేరు. కళ్లద్దాలు తీసి నన్ను దొంగను చూసినట్టు చూశారు. మా ఊళ్లో చుట్టరికం లేకున్నా, కులమేదైనా, ప్రతివాడినీ ఒక వరస పెట్టే పిలుస్తామని చెప్పబోతే నా హిందీ చాలలేదు.

ఇంటికొచ్చి, పోగైన మా ఊరివాళ్లకు సంగతి చెప్పాను గానీ, సాక్ష్యానికి రమ్మని ఎవరినీ అడగడానికి నోరు రాలేదు. నోటీసంటే వాళ్లకూ భయమే, తమ పేరు కూడా ఎక్కడ ఎక్కుతుందోనని. నేను బావా అని పిలిచే ఆయనే లేచి, "ఏంది బామ్మర్దీ, గింతదానికే గట్ల మొఖం వేలాడేసినవ్? నడువు, మా పైసలు మాయేనని మేమే చెప్తం" అన్నాడు. మర్నాడు పని మానుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని అందరూ సీఏ గారి ఆఫీసు మెట్ల నిండా కూర్చున్నారు. ఆయన బంధువుల కానుకలని ముందు రాసుకున్న కాగితం చించేసి, ఉన్నదున్నట్టు రాసి సంతకాలు పెట్టించుకున్నారు. అంతా అయ్యాక, సొంత అన్నదమ్ములే ఇలా రారు, ఇంతకీ మీరు ఒకరికొకరు ఏమవుతారని మళ్లీ అడిగారు. బావ నన్ను చూశాడు, నేను బావను చూశాను, మళ్లీ అవే వరసలు చెప్పడం మొదలుపెట్టాం.

నోటీసు కొట్టేశారు, ఇంటి కోసం దాచుకున్నది నిలిచింది. ఆయన సలహా మీదే తర్వాత ఒక్కొక్కరూ సొంత ఖాతా తెరుచుకున్నారు. మంచిదే, ఎవరి తలనొప్పి వాళ్లది. అయినా పగారు నాటి సాయంత్రం మా తలుపు ఎవరో తట్టినట్టే ఉంటుంది, లేచి చూస్తే ఎవరూ ఉండరు. ఇప్పుడు నా ఖాతాలో ఉన్నదంతా నాదేనట. అందుకు సంతోషించాలో ఏడవాలో నాకు ఇంకా తేలడం లేదు.