కోటయ్య బాబాయి బస్సు అడిగిన అనుమతి

2024 వేసవి, మాచర్లలో మా మొబైల్ సర్వీసు షాపు. కోటయ్య బాబాయి తన ఫోను నా ముందు పెట్టినప్పుడు తెర మీద చిన్న పెట్టె కనబడింది. ఈ యాప్ మీ మెసేజీలు చదవడానికి అనుమతిస్తారా అని అడుగుతోంది. దాని వెనక మసగ్గా ఒక బస్సు బొమ్మ. బస్సుకు మెసేజీలతో ఏం పని?

"మాటిమాటికీ ఇదే వస్తందమ్మాయ్. యస్ కొడితే పోద్దేమో, కొట్టు" అన్నాడు బాబాయి.

షాపులో బోర్డు రిపేర్లు మా ఆయన చూస్తారు. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను కాబట్టి సాఫ్ట్‌వేర్ పని నాది. బాబాయిది మా వీధే, విజయపురి సౌత్ బస్సు నడుపుతాడు. నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్న కూతురు శ్రావణి, సెలవుల్లో ఆ బస్సునే ఫోన్లో ఆడే ఒక గేమ్‌కి మోడ్‌గా తయారుచేసింది. మోడ్ అంటే గేమ్ చేసినవాళ్లు కాక, ఆడేవాళ్లు చేసి అందులో కలుపుకునే భాగం. అద్దం మీది చీలిక, డ్రైవరు సీటు మీది తువ్వాలుతో సహా అచ్చం అదే బస్సు. వెనక అద్దం మీద తన పేరు వేసుకుని, మోడ్‌లు పంచుకునే సైట్‌లో పెట్టింది.

అక్కడ లాగిన్ అవ్వాలి. బాబాయికి ఆ గొడవ తెలియక కూతురి బస్సు కోసం వేరేచోట వెతుకుతుంటే, ఎవరిదో వీడియో కింద లింకులో అదే బస్సు దొరికింది. ఎవరో శ్రావణి మోడ్‌ను ఎత్తుకుపోయి తమ యాప్‌కు ముసుగుగా వేశారు. అసలు మోడ్ ఉత్త ఫైలు. గేమ్ తెరిచి దాన్ని లోపలికి తెచ్చుకోవాలి, మనల్ని ఏమీ అడగదు. ఇదేమో ఏపీకే, అంటే ఫోన్లో సొంతంగా తిష్ఠ వేసే యాప్. మెసేజీలు చదవనిస్తే బ్యాంకు ఓటీపీలన్నీ దానికి తెలిసిపోతాయి.

ఇదంతా చెబితే బాబాయికి కోపం వచ్చింది.

"ఏందమ్మాయ్ నువ్వు. ఎనకమాల నా కూతురు పేరుండె. నా కూతురు చేసిందాంట్లో దొంగతనమేంది?"

"బస్సు శ్రావణిదే బాబాయ్. స్టీరింగే ఇంకెవరి చేతుల్లోనో ఉంది."

దాన్ని డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో అందరికీ పంపానని బాబాయి నెమ్మదిగా చెప్పాడు. "మీ పిల్లోళ్లకి కూడా పంపిచ్చా."

పిల్లలు ఆడుకునే పాత ఫోన్లోనే షాపు బ్యాంకు మెసేజీలొచ్చే సిమ్ ఉంది. వెంటనే ఆ నంబరుకు చేశాను. మా పెద్దది హర్షిత ఎత్తింది.

"అమ్మా, బస్సు ఏదో పర్మిషన్ అడుగుతోంది. తమ్ముడు నొక్కమంటన్నాడు."

"నొక్కారా?"

"నొక్కబోతుంటే నీ ఫోనొచ్చింది."

ఏమీ ముట్టుకోకుండా ఫోను నానమ్మకు ఇచ్చెయ్యమన్నాను. ఆ యాప్ తీసేయడానికి మా ఆయన బండి తీసుకుని ఇంటికి వెళ్లారు.

బాబాయి పిలిస్తే శ్రావణి షాపుకు వచ్చింది. ఆ నకిలీని చూసి, సైట్‌లో ఉన్న అసలుదాన్ని కూడా తీసేస్తానంది. ఎవరికేమైనా అయితే తన పేరే బయటికొస్తుందని ఆ పిల్ల భయం.

"తీసేస్తే రోడ్డు మీద ఆ దొంగబండే మిగులుద్ది. నీ బండి ఉండాల" అన్నాడు బాబాయి.

ముందు తన ఫోన్లోంచి దాన్ని తీయించుకుని, అక్కడే నిలబడి ఒక్కొక్క డ్రైవరుకూ ఫోన్ చేశాడు. "ఒరేయ్, నేను పంపిన బస్సెక్కమాక, పీకెయ్" అని చెప్పాడు. అప్పటికే ఒకాయన అనుమతి ఇచ్చేశాడు. ఆయన్ని షాపుకు రప్పించి, నెట్ ఆపి, యాప్ తీసేసి, బ్యాంకుకు ఫోన్ చేయించాం. అదృష్టం, ఏమీ పోలేదు. శ్రావణి నకిలీ లింకు మీద ఫిర్యాదు పెట్టి, తన మోడ్ కింద ఒక మాట రాసింది: ఈ బస్సు మీ ఫోన్లో ఏ అనుమతీ అడగదు.

మా ఊళ్లో జనం ఫైలు ఎక్కడిదని అడగరు, ఎవరు పంపారని అడుగుతారు. తెలిసినవాళ్లయితే అంతే, తలుపు తీసేస్తారు. బాబాయి మంచివాడే. ఆ ఫైలు ఏ దారిన వచ్చిందో ఆయనకూ తెలియదు.

మర్నాడు పొద్దున అసలు మోడ్‌ను శ్రావణి పేజీ నుంచే వేసిచ్చి, పిల్లలిద్దరికీ చెప్పాను. "ఏదైనా పర్మిషన్ అడిగితే, దానికది ఎందుకని ముందు నన్నడగండి."

"కోటయ్య తాతయ్య పంపినా అడగాలా?" అన్నాడు చిన్నవాడు.

"తాతయ్య పంపినా అడగాలి. నేను పంపినా సరే, అడగాల్సిందే."