విగ్రహం తీసేశాక మిగిలినది

మా గచ్చిబౌలి ఆఫీసు లాబీలో ప్రతి డిసెంబరులోనూ క్రిస్మస్‌కు పశువుల పాక కడతారు. చుట్టూ అద్దాల గోడలు, ఏసీ చల్లదనం, మధ్యలో నిజమైన ఎండుగడ్డి. ఈ ఉదయం లోపలికి అడుగుపెట్టగానే ఆ గడ్డి వాసన సోకింది, దానితోపాటే శౌరీలుగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన గురించి రాసేముందు తెలిసినదానిని, విన్నదానిని వేరు చేయాలి. తెలిసినవి ఇవి: ఆయన వరంగల్లు వైపు క్యాథలిక్కు, ఔషధశాస్త్రం చదివినవారు, మందుల దుష్ఫలితాలను పరిశీలించే మా విభాగానికి అధిపతి. నా పెళ్ళికి సాక్షిగా నిలబడ్డారు. రెండేళ్ళ క్రితం మరణించారు. ఇక విన్నది: వయసులో ఉండగా ఒక ప్రొటెస్టెంటు అమ్మాయిని ప్రేమించి, పోగొట్టుకుని, అందుకే ఒంటరిగా ఉండిపోయారని. ఆఫీసంతా దీనిని నమ్మింది. నా పెళ్ళి కోసం ఆయన పడిన శ్రమకు ఈ కథ చక్కగా అతుకుతుంది గనుక నమ్మింది. అతకడం రుజువు కాదు. ఆయన నాతో ఎన్నడూ అనలేదు కాబట్టి ఆ కథను ఇక్కడే వదిలేస్తున్నాను.

మా పని పైకి సులభంగా కనిపిస్తుంది. ఎవరో ఒక మందు వేసుకుంటారు, ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి. ఆ దద్దుర్లు మందు వల్ల వచ్చినవా, కావా అన్నది మేము తేల్చాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక నివేదికలో 'మందు వల్లనే' అని నిస్సందేహంగా రాశాను. శౌరీలుగారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మందు ఏసుకున్నంక దద్దుర్లు వచ్చినయ్. సరే. మందు ఆపినంక పోయినయా?"

"ఆ సంగతి వాళ్ళు రాయలేదు సార్."

"మరి గంత ధీమాగ ఎట్ల రాసినవ్ బిడ్డా? ఆపినంక గూడ దద్దుర్లు అట్లనే ఉంటే, పాపం మందుకు ఎందుకు శిక్ష?"

ముందు వచ్చింది గనుక కారణం అదేనన్న వాదాన్ని ఆయన ఎవరి నోట విన్నా సహించేవారు కాదు. అనుమానించినదానిని తీసేసి చూడాలి. బాధ ఆగకపోతే కారణం మరెక్కడో ఉంది. ఈ పాఠం మందులకే పరిమితమని నేను చాలాకాలం అనుకున్నాను.

నేను ప్రొటెస్టెంటు ఇంట పుట్టాను. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి గోపన్‌పల్లిలో స్థిరపడిన మా నాన్న ప్రభుత్వోద్యోగి, మా చర్చి సంఘంలో పెద్ద. నేను పెళ్ళి చేసుకోదలచిన జోజి క్యాథలిక్కు. పక్క విభాగంలో పనిచేసేవాడు, వాళ్ళ పూర్వీకులదీ మా పూర్వీకులదీ ఒకే ఊరు. ఆ ఊరే మా తలనొప్పి. మా ప్రార్థన మందిరం మీద క్యాథలిక్కులు రాళ్ళు రువ్వారని మా నాయనమ్మ చెప్పేది. మరియమాత విగ్రహం మీద ప్రొటెస్టెంట్లు రాళ్ళు రువ్వారని జోజి వాళ్ళ అమ్మమ్మ చెప్పేది. క్యాంటీన్‌లో ఈ రెండు కథలూ విని శౌరీలుగారు చాయ్ కప్పు కింద పెట్టారు.

"రాళ్ళు అవే, చేతులే మారినయ్. చూసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"మా నాయనమ్మకు వాళ్ళమ్మ చెప్పిందట," అన్నాను.

"మా అమ్మమ్మకి వాళ్ళత్త చెప్పిందటండి," అన్నాడు జోజి.

"అంటే చూసినోళ్ళు ఒక్కరు లేరు. కొట్లాడెటోళ్ళు మాత్రం మస్తు మంది."

నేను వదల్లేదు. ఈ తగాదా మూలాలు ఐరోపాలో ఉన్నాయని, అంతిమ అధికారం పోపు నడిపే సభదా, బైబిలు వాక్యానిదా అన్న ప్రశ్నతో, పాపక్షమను అమ్ముకున్నారన్న ఆగ్రహంతో మొదలైందని, రాజులు దానిని తమ యుద్ధాలకు వాడుకున్నారని చదివినదంతా వల్లించాను. ఆయన ఓపికగా విన్నారు. "నిజమే, దానికి ఆధారాలున్నయ్. ఆడి సంగతి ఆడ నిజం. మీ నాయన అది చదివే ఈ పిల్లగాణ్ణి వద్దంటున్నడా?" అని అడిగారు. కాదన్నాను. విగ్రహాలకు మొక్కేవాడు మా గడప తొక్కకూడదన్నదే నాన్న మాట. "అయితే ఫికర్ లేదు. విగ్రహం తీసేసి చూద్దాం," అన్నారు శౌరీలుగారు. తాను మెడలో మరియమాత పతకం ధరించి ఈ మాట అనడం నాకు వింతగా తోచింది.

ఆ ఆదివారం సాయంత్రం ముగ్గురం గోపన్‌పల్లి వెళ్ళాం. జోజి తడబడకుండా చెప్పాడు: "మా ఇంట్లో విగ్రహం పెట్టనండి. ఆదివారాలు మీ అమ్మాయి కరుణతోపాటు మీ సంఘానికే వస్తాను."

"మరి జపమాల?" అన్నారు నాన్న.

"నా జేబులో ఉంటుందండి. గోడకి వేలాడదు."

నాన్న పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది. నేను చూశాను.

"ఇగ అయిపోయినట్టే కదా సార్?" అన్నారు శౌరీలుగారు.

"అయిపోయిందని ఎవరన్నారండీ?"

"ఇంకేం మిగిలింది? చెప్పుండ్రి, అది గూడ తీసేద్దాం."

నాన్న కిటికీ వైపు తిరిగారు. "కొన్ని తీసేస్తే పోయేవి కావండీ. మా ఊళ్ళో వాళ్ళది చెరువు అవతలి పేట. ఆ పేటకి మనవాళ్ళు పిల్లనివ్వరు. ఎప్పుడూ ఇవ్వలేదు."

అవి రెండు కులాల పేటలు. ఊరు రెండింటినీ దూరంగానే ఉంచింది. ఒక పేటకు ప్రొటెస్టెంటు మిషను వచ్చింది, రెండవ పేటకు క్యాథలిక్కు మిషను. నేను తరువాత ఇరువైపుల పెద్దలనూ విడివిడిగా అడిగాను. వాళ్ళు ఏకీభవించిన విషయం ఇదొక్కటే.

"కులం అని చెప్పుండ్రి సార్, నేను లేచి పోత," అన్నారు శౌరీలుగారు, గొంతు పెంచకుండా. "దేవుని మీదికి మాత్రం నెట్టకుండ్రి. ఆయన మీద ఇప్పటికే మస్తు కేసులున్నయ్."

"మా ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నారు మీరు."

"అవును సార్. మీ చాయ్ గూడ తాగిన. అందుకే అబద్ధం ఆడబుద్ధి కాలే."

ఒక వైపు మాత్రమే చూసి తేల్చడం మా వృత్తికి సరిపడదు. కోకాపేటలో జోజి వాళ్ళ అమ్మగారి దగ్గరికి వెళ్ళి, నేను ఆమెతో వాళ్ళ చర్చిలో పూజకు వస్తానని, మోకరించమంటే మోకరిస్తానని చెప్పాను. ఆమె టీవీ మీంచి చూపు నా వైపు తిప్పింది. "గుడికి రావడం వేరు, వంటింట్లోకి రావడం వేరమ్మా," అంది. అని, తన మాటకు తానే ఉలిక్కిపడినట్టు టీవీ శబ్దం పెంచింది. రెండు ఇళ్ళలోనూ సాకు తీసేశాం, రెండు ఇళ్ళలోనూ బాధ అలాగే ఉంది. ఐరోపా యుద్ధాలకు ఏది కారణమైనా, మా ఇంటి యుద్ధానికి మరియమాత కారణం కాదు.

మేము రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. శౌరీలుగారు తన విచారణ గుడిలో, అంటే తమ ప్రాంతపు చర్చిలో, ఆదివారం పూజకు బైబిలు పఠనాలు చదివేవారు. గుడి బయట జరిగే పెళ్ళికి సాక్షి అయితే ఇక చదవనక్కరలేదని అక్కడి పెద్దలు చెప్పారట. ఇది ఆయన నోటనే విన్నాను, మరొకరిని అడిగి సరిచూసుకోలేదు. ఆయన వచ్చారు, సంతకం చేశారు. మరుసటి వారం ఎలా ఉందని అడిగితే, "వెనక బెంచీ దొరికింది బిడ్డా, సక్కగ ఫ్యాను కింద," అన్నారు. ఆ బెంచీకి ఆయన చివరిదాకా వెళ్ళారు. తన విశ్వాసాన్ని వదులుకోలేదు, దానిని అడ్డుపెట్టుకోవడానికి ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు అత్తగారు మా ఇంటికి వస్తారు, నా వంటింట్లో కూర్చుని మరియమాత గురించి నాతో వాదిస్తారు. ఒక్కోసారి గట్టిగానే. అది నిజమైన వాదన, దానికి నేను జంకను. మా పాపది ఏ వైపని అడిగేవారికి మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ వైపో చెబితే మీరు ఏం చేస్తారు? నాన్న మా ఇంటికి ఇంకా రాలేదు.

తేలని ప్రశ్న ఒకటుంది. ఆ సాయంత్రం శౌరీలుగారు 'ఇంకేం మిగిలింది' అని అడగకుండా లేచి వచ్చేసి ఉంటే, నాన్న మెల్లగా ఒప్పుకునేవారా? పేట మాట నోట వెలువడకముందు ఆయనకు వెనక్కి తిరిగే దారి ఉంది. వెలువడ్డాక, నలుగురి ముందు అన్న ఆ మాట మీద ఆయన నిలబడవలసి వచ్చింది. ఒకే మనిషిని, ఒకే సాయంత్రం, ఆ ప్రశ్న అడిగీ అడగకా చూడడం ఎవరి తరమూ కాదు. చెప్పగలిగినవారు నాన్న ఒక్కరే, ఆయన చెప్పరు. కనుక తెలియదనే రాస్తున్నాను. తెలియకపోయినా, మళ్ళీ ఆ గదిలో ఉండవలసి వస్తే, ఆ ప్రశ్న శౌరీలుగారి దాకా రానివ్వను. నాన్నను నేనే అడుగుతాను.